బయటి కొళాయి ఎవరిది?

ఇంట్లో కొళాయి కారితే రెండు రోజుల్లో ప్లంబర్ వస్తాడు. పెరట్లోది కారితే రెండేళ్లయినా గుడ్డ పీలికే దిక్కు.

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, వరంగల్‌లోనో కాస్త పాతబడిన ఏ కాలనీకైనా వెళ్లి చూడండి. గేటు తీసుకుని లోపలికి అడుగు పెడితే ప్రహరీ గోడ పక్కన ఒక కొళాయి కనిపిస్తుంది. తెలంగాణలో అయితే నల్లా. పేరేదైనా దాని మూతికి ఓ గుడ్డ పీలిక కట్టి ఉంటుంది. కింద మూల పగిలిన ప్లాస్టిక్ బకెట్టు, బకెట్టు చుట్టూ నాచు, వెనక గోడకు నడుమెత్తు నెమ్ము. చుక్కలు పీలిక వెంట జారి బకెట్లో పడుతుంటాయి. ఆ పీలిక నీళ్లను ఆపదు. చప్పుడు వినిపించకుండా చేస్తుంది, అంతే.

అదే ఇంట్లో వాష్‌బేసిన్ కొళాయి కారితే ఇంత ఓర్పు కనిపించదు. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్నే ప్లంబర్‌కు ఫోను వెళుతుంది. బయటి కొళాయి విషయానికొచ్చేసరికి సంభాషణ మరోలా సాగుతుంది. "ఏమండీ, ఆ బయటి కొళాయి సంగతి చూశారా?" "ఆదివారం చూద్దాంలే." ఆదివారాలు వస్తాయి, పోతాయి. పీలిక మాత్రం చినిగినప్పుడల్లా మారుతుంది.

ఇది బద్ధకం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ కొళాయి ఎవరు వాడతారో ఒకసారి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. పొద్దున అంట్లు తోమడానికి వచ్చే పనిమనిషి, కారు కడిగే కుర్రాడు, వారానికోసారి వచ్చే తోటమాలి, పై వాటాలో అద్దెకున్నవాళ్లు, ఎండన పడి వచ్చి కాళ్లు కడుక్కునే మేస్త్రీ. ఇంటి యజమాని చెయ్యి దాని మీద పడేది ఏ నెలకో ఒకసారి. అంటే దాన్ని రోజూ తిప్పేవారికి మార్పించే అధికారం లేదు. అధికారం ఉన్నవారు దాన్ని తిప్పరు. ఇంటి ఆవరణలోనే ఉన్నా అది ఎవరిదీ కాని కొళాయి. మునిసిపాలిటీ వీధి కొళాయికి ఏ గతి పడుతుందో దీనికీ అదే.

తిట్లు మాత్రం వాడేవారికే. "కొళాయి సరిగా కట్టావా?" అని ఇంటావిడ రోజూ అడుగుతుంటే పనిమనిషి ఏం చేస్తుంది? బలం కొద్దీ బిగిస్తుంది. లోపల అప్పటికే గట్టిపడిన రబ్బరు వాషర్ ఆ బిగింపుకు ఇంకాస్త కోసుకుపోతుంది. మర్నాడు చుక్క మరికొంచెం పెద్దదవుతుంది. తిట్టు పెరుగుతుంది, బిగింపు పెరుగుతుంది, చుక్క పెరుగుతుంది. పది రూపాయల వాషర్ మారిస్తే పోయే సమస్య ఒక మనిషి అజాగ్రత్త కింద జమ అవుతుంది.

సీసా లెక్క

చుక్కే కదా అనేవారు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. లీటరు నీళ్ల సీసా ఒకటి ఖాళీ చేసి ఆ కొళాయి కింద పెట్టి గడియారం చూసుకోవాలి. గంటలో సీసా నిండిందంటే రోజుకు 24 లీటర్లు. నెలకు 720. ఏడాదికి 8,760 లీటర్లు. రెండు గంటలకు నిండితే అందులో సగం. అరగంటకే నిండితే రెట్టింపు. ఈ లెక్కకు నిపుణులు అక్కర్లేదు.

ఆ 8,760 లీటర్లు ఎంతో తెలియాలంటే పక్కన మరో అంకె పెట్టుకోవాలి. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలన్నది లక్ష్యంగా పెట్టుకుంది. తాగడానికి, వండడానికి, స్నానానికి, బట్టలకు, అన్నిటికీ కలిపి. గంటకు లీటరు కారే కొళాయి ఏడాదిలో పోగొట్టేది ఆ లెక్కన ఒక మనిషికి 159 రోజుల నీళ్లు. అయిదు నెలల పైమాటే.

మరో అంకె కూడా ఉంది. 2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే జలాశయాలు ఎండిపోయాయి. జులైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తరలించారు. దేశమంతా టీవీల్లో చూసిన ఆ రైలు ఒక్కో ట్రిప్పులో తెచ్చింది 25 లక్షల లీటర్లు. గంటకు లీటరు చొప్పున కారే కొళాయిలు 285 ఉంటే చాలు, ఏడాదిలో ఒక రైలు నీళ్లు మురుగులో కలిసిపోతాయి. ఓ మోస్తరు కాలనీలో వెతికితే ఆ 285లో ఎన్ని దొరుకుతాయో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

నీళ్లు కొళాయిలో పుట్టవు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఒకప్పుడు హైదరాబాద్ దాహం తీర్చాయి. నగరం పెరిగింది. మంజీర, సింగూరు నీళ్లు తెచ్చారు. అవీ చాలలేదు. ఇప్పుడు నగరం తాగేది చాలావరకు నాగార్జున సాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చే కృష్ణా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి అంతకంటే దూరం వచ్చే గోదావరి నీళ్లు. రెండూ వాటంతటవి ప్రవహించి వచ్చేవి కావు. దశలవారీగా పంపులతో ఎత్తి, శుద్ధి చేసి, మళ్లీ ఎత్తి పంపేవి. బెంగళూరుది ఇంకా కష్టం. వంద కిలోమీటర్ల అవతల ఉన్న కావేరిని దాదాపు అయిదు వందల మీటర్లు పైకి ఎత్తితే గానీ ఆ నగరానికి గుక్కెడు నీళ్లు అందవు. చెన్నైకి 1983 ఒప్పందం ప్రకారం శ్రీశైలంలో బయల్దేరే కృష్ణా నీళ్లు సోమశిల, కండలేరు మీదుగా పూండికి చేరాలి. ఇంత దూరం, ఇంత ఎత్తు, ఇంత కరెంటు దాటి వచ్చిన నీళ్లు చివరి అరంగుళంలో, ఒక రబ్బరు బిళ్ల దగ్గర చేజారిపోతున్నాయి.

బెంగళూరు 2024 మార్చిలో ఆ పాఠం నేర్చుకుంది. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల ధరలు చుక్కలనంటిన వేళ అక్కడి నీటి బోర్డు తాగునీటితో కార్లు కడగడాన్ని, మొక్కలకు పెట్టడాన్ని నిషేధించింది. పట్టుబడితే 5,000 రూపాయల జరిమానా. అంటే కత్తి వేలాడింది సరిగ్గా ఈ బయటి కొళాయి మీదే.

మొక్కలకేగా పోయేది?

కారే కొళాయిని సమర్థించేవారి దగ్గర ఒక వాదన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "పోతే పోనీండి, మొక్కలకేగా!" వినడానికి బాగుంటుంది. కానీ నీళ్లు పడేది మొక్కకు కావలసిన చోట కాదు, కొళాయి ఉన్న చోట. అక్కడున్న కరివేపాకు చెట్టు వేళ్లు ఎప్పుడూ తడిలోనే ఉండి కుళ్లుతాయి. అయిదడుగుల అవతలున్న మల్లె పొదకు చుక్క అందదు.

మిగిలేది గోడ, దోమ. తడి ఇటుకల్లోంచి పైకి పాకుతుంది. దానితోపాటు వచ్చిన లవణాలు తెల్లగా పూసి సిమెంటు పూతను పొరలు పొరలుగా రాలుస్తాయి. రెండేళ్లకోసారి ఆ గోడకు రంగు వేయించే ఖర్చులో కొళాయిలు ఎన్ని వస్తాయో చెప్పనక్కర్లేదు. ఇక డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు మురుగు అక్కర్లేదు. దానికి కావలసింది కాస్త శుభ్రమైన నిలవ నీరు. కొళాయి కింద కదలకుండా ఉన్న బకెట్టు, దాని పక్కన గచ్చు పగిలి పడిన గుంట అందుకు సరిగ్గా సరిపోతాయి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. వారానికో రోజు డ్రై డే పాటించి పాత టైర్లు, కొబ్బరి చిప్పలు బోర్లించే ఇళ్లలో కూడా ఈ బకెట్టు జోలికి ఎవరూ వెళ్లరు. అది వాడుకలో ఉన్న బకెట్టు కదా అన్నది ధీమా.

అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. వచ్చినంతసేపు గొట్టాల్లో ఒత్తిడి ఉంటుంది. ఆగిపోగానే గొట్టం ఖాళీ అవుతూ లోపలికి పీల్చుకుంటుంది. మునిసిపల్ లైనుకు నేరుగా కలిపిన బయటి కొళాయికి రబ్బరు పైపు తగిలించి, దాని చివర పేడనీళ్ల తొట్టిలోనో పురుగుమందు కలిపిన బకెట్లోనో వదిలేశారనుకోండి. కొళాయి తెరిచే ఉంటే, లేదా వాషర్ అరిగి సరిగా మూసుకోకపోతే, ఆ నీళ్లు వెనక్కి మంచినీటి గొట్టంలోకి పోవచ్చు. మర్నాడు అవే ముందుగా మన బిందెలోకో, పక్కింటివారి బిందెలోకో వస్తాయి. కనుక రబ్బరు పైపు చివర ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండకూడదు. వాడకం అయ్యాక పైపు ఊడదీయాలి. వీలైతే కొళాయికి ముందు నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోవాలి.

లోపల ఏముంది?

మర చుట్టు తిప్పి మూసే కొళాయి పుట్టి పద్దెనిమిది దశాబ్దాలైంది. ఇంగ్లండ్‌లోని రాథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రిమ్స్ అనే ఇత్తడి పోత కంపెనీ 1845లో దానికి పేటెంటు పొందింది. మన పెరట్లోని బిబ్ కాక్ లోపల ఇప్పటికీ ఉన్నది దాదాపు అదే. పిడి తిప్పితే స్పిండిల్ అనే మర కడ్డీ కిందకు దిగుతుంది. దాని చివరన రబ్బరు వాషర్ తగిలించిన చిన్న బిళ్ల ఉంటుంది. అది నీళ్లు వచ్చే రంధ్రం అంచు మీద కూర్చుంటుంది. ఆ అంచునే సీటు అంటారు. వాషర్ మెత్తగా, సీటు నున్నగా ఉన్నంతకాలం చుక్క బయటకు రాదు.

ఇంట్లోవాటికంటే బయటివి త్వరగా పాడవడానికి కారణాలు లేకపోలేదు. ఎండకు రబ్బరు గట్టిపడుతుంది. బోరు నీటిలోని ఉప్పు సీటు మీద పేరుకుని గరుకు చేస్తుంది. రోజుకు ఇరవై చేతులు తిప్పుతాయి, ఒక్కో చేతిది ఒక్కో బలం. బరువైన రబ్బరు పైపును లాగినప్పుడల్లా కొళాయి మెడ మీద భారం పడుతుంది.

కాబట్టి మొత్తం మార్చే ముందు ఎక్కడ కారుతోందో చూడాలి. కట్టేసినా మూతిలోంచి చుక్క పడుతుంటే తప్పు వాషర్‌ది, లేదా సీటుది. తెరిచినప్పుడు మాత్రమే పిడి కింద నుంచి ఊరుతుంటే లోపలి గ్లాండ్ ప్యాకింగ్ వదులైందని అర్థం. అక్కడి నట్టు కొద్దిగా బిగిస్తే ఆగవచ్చు, లేకుంటే ప్యాకింగ్ దారం మార్చాలి. గోడ దగ్గర మరల్లోంచి కారుతుంటే కొళాయి మంచిదే, అతుకు చెడింది. ఒళ్లే పగిలినా, కొత్త వాషర్ వేశాక కూడా కారుతున్నా, పిడి ఎంత తిప్పినా ఊరికే తిరుగుతున్నా ఇక దాన్ని పట్టుకుని వేలాడటం అనవసరం. మార్చేయడమే.

అరగంట పని

మార్చడానికి కావలసినవి నాలుగే. కొత్త కొళాయి, టెఫ్లాన్ టేపు చుట్ట, పైపు రెంచి ఒకటి, పానా ఒకటి. మొదటి పని పనిముట్టుతో కాదు, కళ్లతో. ఆ కొళాయికి నీళ్లు పైన ట్యాంకు నుంచి వస్తున్నాయా, మునిసిపల్ లైను నుంచి నేరుగా వస్తున్నాయా? చాలా ఇళ్లలో యజమానికే ఈ సంగతి తెలియదు. ట్యాంకు నుంచి అయితే దాని అడుగున ఉన్న వాల్వ్ కట్టాలి. నేరుగా వచ్చేదైతే మీటరు దగ్గరి వాల్వ్ కట్టాలి. అది లేకపోతే నీళ్లు వదలని వేళ చూసుకోవాలి. ఏళ్ల తరబడి ముట్టుకోని గేట్ వాల్వ్ బిగుసుకుపోయి ఉంటుంది. బలవంతంగా తిప్పితే కడ్డీ విరుగుతుంది. అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ పోవాలి. వాల్వ్ కట్టాక కొళాయి తెరిచి గొట్టంలో మిగిలిన నీళ్లు పూర్తిగా పోనివ్వాలి.

పాత కొళాయిని విప్పేది గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా. తొందరపాటుకు మూల్యం చెల్లించేది ఇక్కడే. పాత ఇళ్లలో గోడలో ఉండేది జీఐ పైపు. ముప్పై ఏళ్ల తుప్పు మరలను ఒకటిగా కరిపించి ఉంటుంది. కొళాయితోపాటు లోపలి పైపు కూడా తిరిగిందంటే గోడ పగలగొట్టాల్సిందే. అందుకే పైపు బయటకు కనిపిస్తుంటే దాన్ని ఒక చేత్తో రెంచితో కదలకుండా పట్టి, రెండో చేత్తో కొళాయి తిప్పాలి. కదలకపోతే తుప్పు వదిలించే నూనె వేసి గంటసేపు ఆగాలి. అప్పటికీ కదలకపోయినా, మరముక్క విరిగి గోడలో ఉండిపోయినా అక్కడితో ఆపి ప్లంబర్‌ను పిలవడంలో నామోషీ ఏమీ లేదు. కొత్త ఇళ్లలోని సీపీవీసీ పైపులకు చివర ఇత్తడి మర ఉన్న ఎల్బో ఉంటుంది. అక్కడ తుప్పు భయం లేదు గానీ మితిమీరి బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

పాత టేపు ముక్కలు, నార పోగులు గీకేసి మరలు శుభ్రం చేయాలి. కొత్త కొళాయి మరల మీద టెఫ్లాన్ టేపును, మర చివర మన వైపు ఉండేట్టు పట్టుకుని, గడియారం ముల్లు దిశలో చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దగా వచ్చేస్తుంది. మన దుకాణాల్లో దొరికే టేపు పల్చన, అందువల్ల పది పన్నెండు చుట్లు కావాలి. తర్వాత చేత్తో తిరిగినంత వరకు తిప్పి, ఆపైన పానాతో అర చుట్టో ఒక చుట్టో బిగిస్తే సరి. మూతి నేలవైపు తిరగకుండా పక్కకు ఆగిపోతే వెనక్కి తిప్పి సరిచేయాలనిపిస్తుంది. అది చేయకూడదు. వెనక్కి తిప్పిన అతుకు కారుతుంది. పూర్తిగా విప్పి, మరి నాలుగు చుట్లు టేపు ఎక్కువ వేసి మళ్లీ బిగించాలి.

వాల్వ్ ఒక్కసారిగా కాకుండా మెల్లగా తెరవాలి. మొదట వచ్చే తుప్పు నీళ్లు పోనివ్వాలి. కొళాయి కట్టి, అతుకు చుట్టూ పొడి కాగితం అద్ది చూడాలి. కాగితం తడవకపోతే పని అయినట్టే. మొత్తం అరగంట. మొదటిసారి చేసేవారికి గంట.

కొనేటప్పుడు బయటి కొళాయికి కదా అని చవకది ఎంచడం మరో అలవాటు. ప్లాస్టిక్ కొళాయిని అందరూ తిట్టుకుంటారు గానీ దాని వెనక ఒక న్యాయం ఉంది. బయట ఇత్తడిది పెడితే పాత సామాన్ల కొట్టుకు చేరుతుందన్న భయం ఉత్తి భయం కాదు. రోడ్డుకు దగ్గరగా ఉన్న చోట మంచి రకం ప్లాస్టిక్‌దే మేలు. గేటు లోపల, కంటి ఎదుట ఉండేదైతే బీఐఎస్ ముద్ర, ఐఎస్ 781 అంకె ఉన్న ఇత్తడి కొళాయి ఏళ్ల తరబడి పని చేస్తుంది. దానికి వాషర్ ఊరి చివరి హార్డ్‌వేర్ కొట్టులో కూడా దొరుకుతుంది. పావు చుట్టుతో తెరుచుకునే సిరామిక్ డిస్కు రకం తిప్పడానికి తేలిక, బలం పెట్టి బిగించాల్సిన పని ఉండదు. ఇసుక రేణువులు వచ్చే బోరు నీటికి మాత్రం అది అంతగా నప్పదు. తోటకు రబ్బరు పైపు తగిలించేట్టయితే మూతి దగ్గర గాట్లున్న నాజిల్ కాక్ కొనాలి. మామూలు కొళాయికి పైపు తొడిగి తాడుతో కట్టడం కొత్త కారుడుకు పునాది.

ప్లంబర్ ఎందుకు రాడు?

"కొళాయి ఒక్కటేనా సార్? ఇంకేమైనా ఉంటే కలిపి చెప్పండి, వస్తాను." ఈ మాట వినని ఇల్లు ఉండదు. దాన్ని గర్వం కింద తీసుకోనక్కర్లేదు. ఒక్క కొళాయి కోసం ఊరి ఆ చివర నుంచి బండి మీద వచ్చి, హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లొచ్చి, వాల్వ్ ఎక్కడుందో వెతికి పని ముగించేసరికి సగం పూట పోతుంది. ఇచ్చేది రెండు మూడు వందలు. అందులోనూ బేరం. దేశంలోని పెద్ద నగరాల్లో ఈ పని చేసేవారిలో చాలామంది ఒడిశాలోని కేంద్రపాడా జిల్లా నుంచి వచ్చినవారు. పట్టాముండై ప్రాంతంలో తరతరాలుగా ఇది కుటుంబ విద్య. బాత్‌రూములు బిగించే పని చేతినిండా ఉన్నవారు పది రూపాయల వాషర్ కోసం రాకపోవడంలో వింత లేదు.

దీనికి భిన్నంగా ఆలోచించిన మనిషి ఒకరున్నారు. ముంబైకి చెందిన ఆబిద్ సుర్తీ హిందీ, గుజరాతీ రచయిత, కార్టూనిస్టు. ఇంద్రజాల్ కామిక్స్ చదివిన తరానికి 'బహదూర్' పాత్ర సృష్టికర్తగా తెలుసు. ఆయన బాల్యం డోంగ్రీలో నీళ్ల కోసం తెల్లవారకముందే క్యూ కట్టే ఇళ్ల మధ్య గడిచింది. పెద్దయ్యాక స్నేహితుడి ఇంటికి వెళితే అక్కడ కారుతున్న కొళాయి కంటబడింది. చెబితే, ఇంత చిన్న పనికి ప్లంబర్ రాడని జవాబు వచ్చింది. తనకొచ్చిన ఒక సాహిత్య పురస్కారం లక్ష రూపాయలతో 2007లో డ్రాప్ డెడ్ ఫౌండేషన్ ప్రారంభించారు. సంస్థ అంటే ఆయన, వెంట ఒక ప్లంబర్, ఒక వాలంటీర్. ఆదివారం వస్తే మీరా రోడ్‌లో అపార్ట్‌మెంట్ల తలుపులు తట్టి, కారే కొళాయి ఉందా అని అడిగి, ఉంటే పైసా తీసుకోకుండా బాగుచేసి పోవడం. మొదటి ఏడాదిలోనే 400కు పైగా కొళాయిలు బాగుపడ్డాయి. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. మన ఇళ్లలో వాయిదా పడే ఆదివారాలను ఆయన వాడుకున్నారు.

ఊరు మొత్తం కారుతుంటే

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. భూమిలో వేసిన గొట్టాలు పగిలి రోడ్ల మీద నీళ్లు ఏరులై పారుతుంటే ఇంటి యజమాని చుక్కలు లెక్క పెట్టుకోవాలా? లెక్కకు రాని నీరు 20 శాతానికి మించకూడదన్నది కేంద్రం 2008లో పెట్టిన ప్రమాణం. 2021లో ప్రారంభమైన అమృత్ రెండో దశ కూడా అదే 20 శాతాన్ని లక్ష్యంగా చెప్పుకుంది. పదమూడేళ్ల తర్వాత కూడా అదే లక్ష్యంగా మిగలడాన్ని బట్టే మన నగరాల స్థితి తెలుస్తుంది. ఆ కారుడు ముందు పెరటి కొళాయి చిన్నదే. నిలదీయవలసింది నీటి బోర్డులనే.

కానీ రెండింటికీ మూలం ఒకటే. వీధి గొట్టం పగిలితే అది తన పరిధి కాదని ఒక ఇంజనీరు అనుకుంటాడు. పక్క సెక్షన్ వాళ్లు చూస్తారని మరొకరు అనుకుంటారు. నీళ్లు రాని చివరి బస్తీ ఆడవాళ్లకు చెప్పే అధికారం లేదు. పెరట్లో జరుగుతున్నదీ అదే, కొలత మాత్రమే తేడా. వీధి గొట్టం మన చేతిలో లేదు. పెరటి కొళాయి ఉంది. నగరపు నీటి వ్యవస్థ మొత్తంలో ఎవరి అనుమతీ, టెండరూ లేకుండా ఒక పౌరుడు బాగుచేయగలిగిన భాగం అదొక్కటే.

పల్లెల్లో ఈ మాటకు ఇంకా బరువు ఎక్కువ. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ, ఆ తర్వాత దేశమంతటా జల జీవన్ మిషన్ లక్షల ఇళ్ల ముందుకు కొళాయి తెచ్చాయి. అక్కడ బయటి కొళాయి, లోపలి కొళాయి అన్న తేడా లేదు. చాలా ఇళ్లకు వాకిట్లో ఉన్నదే ఏకైక కొళాయి. దాని తల ఊడిపోయి గొట్టం మాత్రమే మిగిలితే ఎగువ వీధిలో నీళ్లు మురుగులోకి పారుతుంటాయి, దిగువ వీధికి ఒత్తిడి చాలక బిందె నిండదు. అక్కడ ఒక కొళాయి తల ఖరీదు పక్క వీధి దాహం.

కాబట్టి ఆదివారం దాకా ఆగనక్కర్లేదు. ఆ కొళాయిని రోజూ వాడే మనిషిని ముందు అడిగితే ఎప్పటి నుంచి కారుతోందో, ఎటు తిప్పితే ఆగుతుందో వాళ్లే చెబుతారు. కొత్తది బిగించాక మొదట తిప్పి చూడాల్సిందీ వాళ్లే. బలం పెట్టనక్కర్లేదని, రెండు వేళ్లతో తిప్పితే చాలని ఒక మాట చెప్పాలి. ఆ తర్వాత లీటరు సీసా మళ్లీ కింద పెట్టి గంట ఆగి చూడాలి. సీసా అడుగు పొడిగా ఉంటే పని పూర్తయినట్టు. గుడ్డ పీలికను విప్పి పారేయవచ్చు.